ఎనిమిదో వరుస

లాసన్స్ బే మేడ మీద
కాగితపు తలుపుల గది.
చెప్పులు విడిచి లోపలికొస్తే
గొంతు దానంతటదే తగ్గుతుంది.
బల్ల మీద మాత్రం
పద్నాలుగు పేజీల ప్లాస్టిక్ అట్ట,
మెరిసే రొయ్యల ఫొటోలు, చివర్న గోబీ మంచూరియా,
పెళ్లింట్లో మైకులా.

"ఎన్ని తీసేద్దాం?" అన్నాను.
మోరితా గారు కత్తి తుడుచుకుంటూ
జాలరిపేట వైపు చూశారు.
ఎర్రయ్య పడవ ఇంకా ఒడ్డెక్కలేదు.

అల్లిపురం ప్రెస్సులో
వేలికి గరుగ్గా తగిలే కాగితం దొరికింది.
పేర్లు ఏడే. తెలుగులోనే.
ధరలు సన్నగా,
అడగడానికి మొహమాటపడుతున్నట్టు.
ఎనిమిదో వరుస ఖాళీ.

అక్కడ రోజూ ఎర్రయ్యే రాస్తాడు
తడిచేత్తో, నా పెన్సిలుతో.
ఇవాళ: పండుగప్ప.
పకార వత్తు పక్కన
ఒక పొలుసు అంటుకుపోయింది.
గోటితో గీకబోతే
మోరితా గారు
వద్దని తలూపారు.