వత్తుకి చోటు

గునుపురం బస్టాండు వెనక
జిరాక్సు వేడి వాసన వేసే గదిలో
కంటాసుపత్రి వాళ్ళ పేజీ కట్టింది నేనే.
ఒడియా, తెలుగు, సవర, మూడు లిపులు.
ఆపరేషన్ తేదీలు, తెచ్చుకోవలసిన కాగితాలు,
చుక్కల మందు రోజుకి ఎన్నిసార్లో.
అక్షరం పన్నెండు పిక్సెళ్ళు. మేకు కొట్టినట్టు.
నా కళ్ళకి ఇరవై నాలుగేళ్ళు.
నా తెర మీద అది ఇస్త్రీ చొక్కాలా ఉండేది.

సోమవారం బెవర సింహాద్రమ్మ వచ్చింది,
మనవరాలి ఫోను కొంగులో చుట్టుకుని.
ఒక కంటికి పచ్చగుడ్డ, రెండో కంట్లో మబ్బు.
"ఏటి గుంటా ఇది?
సీమలు బెల్లానికి పోతన్నట్టుంది గానీ
రాసినట్టు నేదు."
రెండు వేళ్ళు ఆనించి తెరని సాగదీసింది.
మళ్ళీ సాగదీసింది.
పేజీ కదల్లేదు.
కదలకూడదని రాసింది నేనే,
అందం చెడుతుందని.

"సుక్కలమందు ఆరుసార్లా, ఎనిమిదిసార్లా?
అదొక్కటీ సెప్పు" అంది.
చెప్పాను.
నోటితో చెప్పాల్సి వచ్చింది కదా అని
ఆ రాత్రి కూర్చున్నాను.

మేకులు పీకాను. అక్షరాలు పెరిగాయి.
అక్షరాలున్న పెట్టెలు పెరగలేదు.
నౌపడ నుంచి చిన్నరైలు మానేసి పెద్దరైలు తెచ్చినప్పుడు
పట్టాలొక్కటే జరిపితే సరిపోయిందా,
వంతెనలూ ప్లాట్‌ఫారాలూ అన్నీ తవ్వుకోవలసి రాలేదూ.
క్రోములో కుదిరింది. ఫైర్‌ఫాక్సులో కుదిరింది.
మందుల షాపు పాణిగ్రాహి గారి పాత టాబ్లెట్లో మాత్రం
కింది వరుస పైవరుస కాళ్ళు నరికేసింది.
'శస్త్రచికిత్స' అని నేను రాస్తే
'శసచికిత' అని చదివారాయన, గంభీరంగా.
శస్త్రచికిత్సకే శస్త్రచికిత్స.

ఇంగ్లీషు కొలతకి కుట్టాను వరుసల్ని.
ఒడియా అక్షరం తల మీద గొడుగు పట్టుకొస్తుంది.
మనది తలకట్టుతో వచ్చి, చాలక
కింద వత్తు వేసుకుని బాసింపట్టు వేస్తుంది.
ఇద్దరికీ నేను వేసింది ఒకటే ఇరుకు బల్ల.

మా నాన్న కోర్టురోడ్డులో టైలరు.
బడిపిల్లల నిక్కర్లకి లోపలి మడతలో
రెండు వేళ్ళ గుడ్డ దాచేవాడు.
డబ్బులిచ్చేవాళ్ళకి అది కనిపించదు.
"గుంటడు ఎదుగుతాడు, కుట్టు ఎదగదు.
వదలాల" అనేవాడు, పళ్ళమధ్య సూదితో.
పన్నెండేళ్ళు ఆ మిషను పక్కనే పడుకుని
నేను ఏం నేర్చుకున్నట్టు?

కొలతలన్నీ మార్చాను.
ఇంత అని కాదు, చదివేవాళ్ళది ఎంతో అంతకి ఇంత అని.
వరుసకీ వరుసకీ మధ్య వత్తు కాళ్ళు చాపుకునేంత.
చేపల బజారులో ఒకావిడ పగిలిన ఫోనూ,
పోస్టాఫీసు కౌంటరు వెనక ముసలి కంప్యూటరూ,
అడిగి అడిగి అన్నిట్లో తెరిచి చూశాను.
పోస్టుమాస్టరు నన్ను దొంగని చూసినట్టు చూశాడు.

సింహాద్రమ్మ మళ్ళీ వచ్చింది.
వేళ్ళు విప్పింది. తెర నిండా మూడే మాటలు,
ఒక్కొక్కటి జామకాయంత.
"ఇంతేసి అరవక్కన్నేదు నాయినా,
సెవులు బానే ఉన్నాయి" అంది.
కొంచెం తగ్గించుకుంది, తనకెంత కావాలో అంతకి.

ఇక్కడితో ఆపితే బాగుండేది.
ఆమె వెనక సోంబారు సబర నిలబడ్డాడు,
గుడారి వైపు కొండ దిగి వచ్చినవాడు.
సవర పేజీ తెరిచాను.
అక్షరాలు లేవు. డబ్బాలు.
వరుసలు వరుసలుగా ఖాళీ డబ్బాలు.
పెద్దవి చేశాను.
పెద్ద ఖాళీ డబ్బాలు.
ఎంత స్పష్టంగా ఉన్నాయో.

ఈ మిషనుకి ఆ లిపి తెలియదు.
ఫాంటుని పేజీతోపాటే మూటగట్టి పంపాలి.
పంపుతున్నాను, నలభై శాతం దిగింది, ఆగింది.
సోంబారు విసుక్కోలేదు.
జిరాక్సు కాగితం వెనక బాల్‌పెన్నుతో
ఒకే ఒక అక్షరం గీశాడు, మెల్లగా,
బల్ల మీద నా వైపు జరిపాడు:
"ఇది వస్తే
నాకు చెప్పు."