గిన్నె అంచున కంచె

మియాజాకి రన్నర్ల హాస్టల్లో ముప్పై మందికి వండుతాను.
ఇరవై తొమ్మిది గిన్నెలు నాకినట్టు వస్తాయి.
మినోరిది మాత్రం
అంచు చుట్టూ కంచె కట్టుకుని వస్తుంది:
క్యారెట్ ముక్కలు, పాలకూర కాడలు, సముద్రపు నాచు.
ఆ పిల్ల గొంతు దిగేది తెల్లన్నమే.

మెత్తగా రుబ్బి అన్నంలో దాచి చూశాను.
దాని నాలుకకి కళ్ళున్నాయి.

మార్చిలో, పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర
రోడ్డు పక్కన కూలబడింది.
కాళ్ళు బాగానే ఉన్నాయి,
రక్తమే పలచబడిందన్నాడు డాక్టరు.

ఆ రాత్రి వంటింటి గుమ్మంలో నిలబడి
"ఏదో ఒక్కటి తింటాను. ఏదో మీరే చెప్పండి" అంది.
చెప్పలేదు. కత్తి చేతికిచ్చాను.

చాలాసేపటికి పాలకూర కట్ట అందుకుంది.
వంకరటింకరగా తరిగింది,
వేయించిన నువ్వులు తనే దంచింది,
ముక్కు మూసుకుని మింగింది.

ఇవాళ కంచెలో చిన్న సందు,
ఆకు దూరేంత.

క్యారెట్ సంగతి ఇప్పుడే ఎత్తకండి.