పంచుకోలు, మూడో ముసాయిదా

డులూత్‌లో మంచు ఆగని గురువారం.
ఉప్పు చల్లే లారీ దిగి నేరుగా
హార్లన్ ఇంటి నేలమాళిగలోకి వచ్చాను.
బూట్ల కింద ఇంకా కరకర.
జేబులో ఉప్పు గోదాము రసీదు, దాని వెనక మంత్రం:
'తాకిన మనిషి గాయమంతా నీ ఒంటికి వస్తుంది.
ఒక మాట, ఒక సైగ, చిటికెడు బూడిద. రెండో స్థాయి.'

అడిగింది లెనోర్.
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగొచ్చి,
కాఫీ మూత కూడా తియ్యకుండా,
'నా పూజారిణికి గాయం మాన్పే మంత్రాలొద్దు,
మోసేది ఒకటి కావాలి' అంది.

మంచి కోరికే.
ఆట బల్ల మీద మంచితనమూ తూకానికి రావాలి కదా.

మొదటి రాత్రే చిల్లు దొరికింది.
చిల్లులు వెతకడంలో హార్లన్ తర్వాతే ఎవరైనా,
పగలంతా ఊళ్ళోవాళ్ళ పన్ను కాగితాలు చూస్తాడు.
వాడి మరుగుజ్జు యోధుడికి రాతి కవచం ఉంది,
ఏ దెబ్బైనా సగమే తగులుతుంది.
'అందరి గాయాలూ నాలో పోసెయ్యండి,
నలభై వస్తే ఇరవై. తక్కిన ఇరవై హుష్‌కాకి!'
గుహలో రాక్షసి గుడ్లప్పగించి చూసింది.
రెండో స్థాయి ధరకి
అరచేతిలో వైకుంఠం అమ్మేశాను నేను.

ఆ తెల్లవారుజామున మంచు తోసే బండి నడుపుతూ
సుపీరియర్ వీధి శుభ్రం చేశాను.
ఒక ముసలాయన డ్రెస్సింగ్ గౌనులో బయటికొచ్చి
తన వాకిట్లో లేచిన గుట్టని చూపించి తిట్టాడు.
నిజమే, మంచు ఎక్కడికీ పోలేదు.
నేను దాని చిరునామా మార్చానంతే.

అక్కడే బండి ఆపి, స్టీరింగ్ మీద రసీదు పెట్టి రాశాను:
'ఈ నొప్పిని ఏ కవచమూ తగ్గించదు.'

ఇక వంటగదిలో ఒక్కణ్ణే
పదిసార్లు పాచికలు వేసి ఆడాను.
ఏడుసార్లు పూజారిణి చచ్చిపోయింది.
ఏడోసారి ఫ్రిజ్ తెరిచి
ఏం కావాలో తెలియక మళ్ళీ మూశాను.
ఎవరు నేర్చుకుంటారు ఇలాంటి మంత్రం?
లెనోర్ నేర్చుకుంటుంది. అదే నా భయం.

కనుక మూడోసారి:
'చుట్టూ ఉన్నవాళ్ళలో చెయ్యెత్తినవాళ్ళకి తలా కొంత.'
తిలాపాపం తలా పిడికెడు.
'తప్పనిసరిగా' అని రాసి, కొట్టేసి,
మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేశాను.
కాగితం అక్కడ చిరిగింది.

ఈ రాత్రి పరీక్ష.
వంతెన కింద భూతం కొట్టిన దెబ్బ ఇరవై ఆరు,
పడింది టీగన్ దొంగపిల్ల మీద.
లెనోర్ మంత్రం వేసింది.
బల్ల చుట్టూ చూశాను, ఏమీ అనకుండా.
'కవచం పనిచెయ్యదా?' హార్లన్.
'చెయ్యదు.'
పెన్సిల్ నమిలాడు, లెక్కేశాడు,
'ఎనిమిది రాసుకో నాకు' అన్నాడు.
టీగన్ ఫోను చూసుకుంటోంది.
పదహారేళ్ళు. చెయ్యెత్తలేదు.
ఎత్తకపోవడం కూడా నియమంలో ఉంది,
నేనే చింపుతూ మిగిల్చాను దాన్ని.

పద్దెనిమిది లెనోర్ ఖాతాలో పడ్డాయి.
మిగిలిన ప్రాణం నాలుగు.
'చాలు' అంది కోటు తొడుక్కుంటూ,
పదకొండుకి షిఫ్టు.

రెండా, మూడా స్థాయి? ఇంకా తేలలేదు.
బూడిద మాత్రం కొట్టేసి ఉప్పు అని రాశాను.
'చిటికెడు ఎంత పడుతుంది?' అడిగాడు హార్లన్, పెన్సిల్ ఎత్తి.
నేను బూట్లు దులిపాను.