అరవై అయిదు

లాలాపేటలో నా కొట్టు.
ఒక ట్యూబులైటు, ఒక భూతద్దం, ఒక మనిషి పట్టేంత చోటు.
మధ్యాహ్నం యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
నాణేలు కూడా తుమ్ముతాయనిపిస్తుంది.

రూతమ్మగారు బిస్కెట్ల డబ్బా తెరిచి
పదిహేడు ప్లాస్టిక్ పెట్టెలు బల్లమీద పేర్చింది.
"మా ఆయన కొన్నవి. నంబర్లున్నాయి కదా,
వాటిని బట్టి ఎంతొస్తుందో చెప్పు బాబూ."

నంబర్లున్నాయి.
బంగారురంగు అచ్చు, పక్కన మెరిసే బిళ్ల,
ఊరూ పేరూ లేని కంపెనీ.
ఆ అంకె వేసిందెవరు,
ఏ దీపం కింద, అన్నం తిన్నాకా తినకముందా,
అది మాత్రం ఎక్కడా రాసిలేదు.

మా నాన్న మిర్చి యార్డులో గుమాస్తా.
బస్తాకు కట్టిన చీటీ జన్మలో చదవలేదు.
మోచేతిదాకా చెయ్యి దూర్చి
అడుగుకాయను పైకి లాగేవాడు.
విరిచి, గింజల చప్పుడు విని,
"పైన తేజ, లోన తాలు" అని నడిచిపోయేవాడు.
రైతు మొహం చూసేవాడు కాదు,
చూస్తే ధర మారిపోతుందని.

ఇక్కడ చెయ్యి దూరదు.
రాతి మీద మోగించలేను,
తూస్తే పెట్టె బరువూ కలిసొస్తుంది.
వంచి తిప్పుతాను.
అచ్చు పడ్డనాటి వెలుగైతే
బండిచక్రం ఆకుల్లా తిరగాలి.
తిరగదు. చింతపండుతో తోమిన చెంబు మీదలా
ఒకేచోట నిలబడిపోతుంది.

అలా తొమ్మిదింటిని వెండి ధరకి పక్కన పెట్టాక
పదోది చేతికొచ్చింది.
పందొమ్మిది వందల పదకొండు.
రాజుగారి పైబట్ట మీది ఏనుగు
పందిలా ఉందని జనం గొడవపడ్డ రూపాయి.
అరవై అయిదు.
అంచున జిగురు పొంగి ఎండింది,
అందులో ఒక బొటనవేలి గీతలు.

ఆ జిగురు నాకు తెలుసు.
కొట్టు పెట్టిన రెండో ఏడు, అద్దె బాకీ.
కొత్తపేటలో పెళ్లిపత్రికలు అచ్చేసే కుర్రాడితో
వంద చీటీలు కొట్టించాను.
అరవై అయిదే ఎందుకంటే
అరవై ఆరు మరీ ఆశ అనిపించింది.

"అది మంచిదా బాబూ?"
"ఎంతకి కొన్నారమ్మా?"
"పన్నెండు వేలు. ఆ ఏడు స్కూటరు బాగుచేయించుకోలేదు."

పట్టకారు పెట్టి నొక్కాను.
పెట్టె పగిలి రూపాయి గచ్చు మీద పడింది.
ఖంగుమంది.
అది నిజమే చెప్పింది.
చీటీ లేకుండా నాలుగు వేలు పలుకుతుంది,
కొనేవాడు మా నాన్నలాంటివాడు కాకపోతే.

సొరుగులోంచి పన్నెండు లెక్కపెట్టాను.
ఎందుకో చెప్పలేదు.
ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుని
"ఎక్కువిచ్చావేమో చూసుకో" అంది.
తర్వాత నేల మీది ముక్కల వైపు చూసి,
"పెట్టె పగలగొట్టావుగా,
విలువ తగ్గిపోదూ?"

వంగి, ఆ అంకె ఉన్న ముక్కను
చీరకొంగుతో తుడిచి
జాగ్రత్తగా డబ్బాలో వేసుకుంది.