తాలు

కోర్టువారు నా పేరు కాగితంలోకెక్కించారు.
మేనత్త సమక్షంలో, అని.
రెండో శనివారం, నాలుగో శనివారం,
పొద్దున పది నుంచి పన్నెండు దాకా
బ్రాడీపేట నాలుగో లైన్లో మా ముందుగదిలో
నతానియేలు తన కూతుర్ని చూసుకోవచ్చు.
బండెక్కించరాదు. గడప దాటించరాదు.
నెలకోసారి మూత్రపరీక్ష కాగితం ఇవ్వాలి.
వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, మనిషి ఉన్న తీరు
నేనొక పుస్తకంలో రాయాలి.

రాయడం నాకు కొత్త కాదు.
పదహారేళ్ళుగా మిర్చియార్డులో కమీషన్ కొట్టు గుమస్తాని.
టిక్కీ కోసి గుప్పెడు కాయలు ముందు పోస్తే
రంగు చూసి చెబుతాను, తొడిమ విరిచి చెబుతాను.
వెలిసిన కాయ కనబడిందా,
ఎదురుగా రైతు పెదాలు తడుపుకుంటూ నిలబడ్డా సరే
చెయ్యి వణక్కుండా రాస్తాను: తాలు.
తాలుకీ ధర ఉంటుందనుకోండి,
సగానికి సగం.
పారబొయ్యరు.

ఇంట్లో కూర్చుని రాయడమే రాదు.

అమ్మ పొగాకు గ్రేడింగుకి పోతే
వాడు నా చంకన పెరిగాడు.
గంజి వార్చి, ఉప్పేసి, ఊది తాగించాను.
ఆ గంజి అనే మాట సాగి సాగి
ఎప్పుడు ఇంకో మాటైందో చూసుకోలేదు.
కళ్ళెర్రబడితే, మిరప ఘాటక్కా, అనేవాడు.
ట్రాలీ ఆటోలో టిక్కీలు తోలేవాడు కదా, నిజమే అనుకున్నాను.
గుంటూర్లో ఎర్రకళ్ళకి వేరే సాక్ష్యమెందుకు?
ఊరే పూచీ.

సుహాసిని ఆ పూచీ ఒప్పుకోలేదు.
ఒక రాత్రి పిల్లను ముందు కూర్చోబెట్టుకుని
చుట్టుగుంట దగ్గర బండిని డివైడరుకి కొట్టాక,
షారోన్ మోకాలికి ఆరు కుట్లు పడ్డాక
ఇక ఎవరి మాటా వినలేదు.
మా అమ్మ ఆమెని నోటికొచ్చినట్టు తిట్టింది.
నేనూ తిట్టాను,
ఆ కుట్లు నా వేళ్ళతో తడిమేదాకా.

మే నెల రెండో శనివారం.
పిల్ల పదికే వచ్చింది, తాత చెయ్యి పట్టుకుని,
మెడలో నీళ్ళసీసా.
పదిన్నరకి వీధిలోకి చూడటం మానేసింది.
నేను వంటింట్లోంచి వచ్చేసరికి
కుర్చీ మీద స్టూలేసుకుని
గోడగడియారం ముల్లు వెనక్కి తిప్పబోతోంది.

వాడొచ్చాడు.
తాటాకులో చుట్టిన ముంజలు తెచ్చాడు.
పిల్లకి వొలిచి పెడుతుంటే ముంజ రెండుసార్లు జారిపడింది.
వేళ్ళు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.
షారోన్ నవ్వింది, ఆటనుకుని.
లేదా, ఆటనుకున్నట్టు.
వాడి మణికట్టు దాకా కారిన ముంజనీళ్ళు
తన గౌను అంచుతో తుడిచింది.
ఆరేళ్ళ పిల్లకి అంత నెమ్మదిగా తుడవడం
ఎవరు నేర్పారో?

వెళ్ళేటప్పుడు గడపలో ఆగాడు.
నా చేతిలో పుస్తకం చూశాడు.
"మిరప ఘాటక్కా."

యార్డుకి వేసవి సెలవులు.
వారంనాడే కాటాలు బోర్లించి వచ్చాం.
పావురాలు తప్ప అక్కడెవరూ లేరు.
వాడికీ తెలుసు.
ఇద్దరం వాడి చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాం.

పెన్ను మూత తియ్యడానికి ఎంతసేపు పట్టిందో.
షారోన్ వచ్చి నా మోచేతి కిందనుంచి తొంగిచూసింది.
"అత్తా, ముంజలు కూడా రాయి.
నేను మూడు తిన్నాను."

రాశాను.

వచ్చిన వేళ: పదకొండు ఇరవై.
వెళ్ళిన వేళ: పదకొండు యాభై.
ముంజలు తెచ్చాడు. పిల్ల మూడు తిన్నది.
కళ్ళు ఎర్రగా ఉన్నాయి.
యార్డు మూసి ఉంది.