బెట్ట

దక్కిలి దారిలో మూడెకరాల నిమ్మతోట.
కౌలు నాది, చెట్లు చెంగల్రాయుడివి.
మార్గశిరం చివర్లో
స్టార్టరు మీద గోనెపట్టా కప్పి
"ఇంక ముట్టద్దు" అన్నాడు.
బోరు నిండా నీళ్లు పెట్టుకొని
చెట్టును ఎండబెట్టడం
నేను చూడటం అదే మొదలు.

బెట్ట అంటే బెట్టు చెయ్యడం కాదబ్బా, అన్నాడు.
ఆకు పక్కనే ఉండాల.
మిట్టమధ్యాన్నం దొప్పలా ముడుచుకొని
పొద్దుగూకేసరికి విప్పుకుందా,
లోపలింకా తడి ఉన్నట్టే.
తెల్లారుజామున మంచులో కూడా ముడిచే ఉందా,
పరిగెత్తి నీళ్లు వదల్రా.
తొందరపడితే ఉత్త చిగురు.
మరిస్తే కట్టెలు.

ఇరవైమూడో తెల్లారి
ఫోను లైటేసి ఆకు పట్టుకున్నా.
విప్పుకోలేదు.
పట్టా లాగేసి స్టార్టరు నొక్కినా.
పాదుల్లో మట్టి గుటకలేసిన చప్పుడు
గట్టు మీదికి వినపడింది.
నెల తిరక్కముందే తోటంతా తెలుపు.
ఆ వాసనకి మా సుగుణ
చలిలోనూ తలుపు వెయ్యనియ్యలేదు.

మరుసటేడు పట్టా ఎవరూ కప్పలేదు.
కార్తీకంలో రావాల్సిన వాన
సముద్రం మీదే కురిసిపోయింది.
పుష్యంలో మోటారు గాలి కక్కింది.
ఆరొందల అడుగుల కింద రాతిపిండి.
ఆకులు ముడుచుకున్నాయి.
వాటికేం తెలుసు?
పోయినేడు మాదిరే అనుకొని ఉంటాయి,
ఎవరో తెల్లారుజామున వచ్చి
లైటేసి చూస్తారని.
చూస్తానే ఉన్నా.
ఇరవైమూడు. ఇరవైతొమ్మిది.
ముప్పైనాలుగు.

వెంకటగిరి నుంచి మూడు ట్యాంకర్లు.
చెట్టుకు నాలుగు బిందెలు కూడా రాలేదు.
ఆ కాసిన్ని నీళ్లకే
ఆకు కనపడనంత పూత!
రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లాపి
ఫోటోలు తీసుకున్నారు.
చెంగల్రాయుడు మాత్రం
కొమ్మ వంచి చూసి వదిలేశాడు.
"ఇది కాపు పూత కాదు.
పోయేముందు గింజ దాచుకునే పూత.
చెట్టు కావాల్నా, కాయ కావాల్నా?"

ముళ్లకు చేతులు చీరుకుపోతా
రెండు రోజులు పూత దూసినాం
నేనూ సుగుణా.
తేనెటీగలు చెట్లను వదిలి
మా గంపల వెంట తిరిగినాయి.
సుగుణ నాతో మాట్లాడలేదు.
అన్నం కలుపుతుంటే వేళ్లనిండా అదే వాసన,
పోయినేడు తలుపు తీసి పెట్టిన వాసన.

ఉగాదికి చెంగల్రాయుడు ఫోన్ చేశాడు.
కౌలు మాట ఎత్తుతాడని
గొంతు సవరించుకున్నా.
"తెల్లారి ఆకు ఎట్లుండాది?" అన్నాడు.