సీసాల లెక్క

హెర్నె ఊళ్లో పశువైద్యుడి ముందుగదిలో కూర్చుని
పదకొండేళ్లుగా బిల్లులు రాస్తున్నాను.
ఎంతయింది అని అడుగుతారు, చెబుతాను.
కొందరు కార్డు తీస్తారు.
కొందరు గోడమీది చిలక బొమ్మకేసి చూస్తారు.

ఫోల్క్‌మార్ డూడెక్ గారు మాత్రం పెదాలు కదుపుతారు.
మొదట్లో ప్రార్థన అనుకున్నాను.
భాగహారమట.
ఖాళీ బీరు సీసా తిరిగిస్తే ఎనిమిది సెంట్లు,
ప్లాస్టిక్‌దైతే పాతిక.
ఎక్స్‌రే అంటే ఆయనకి
మూడొందల ఇరవై ప్లాస్టిక్ సీసాలు,
ఫుట్‌బాల్ ఉన్న శనివారాలు రెండు,
వాన పడితే మూడు.

నేల అడుగున ఇరవై ఆరేళ్లు బొగ్గు తవ్విన మనిషి.
గని మూసేశాక మిగిలినవి
దగ్గు, పింఛను, ఎర్నా.
ఎర్నా అంటే కుక్క.
ఆనపకాయకి నాలుగు పొట్టి కాళ్లొచ్చినట్టుండేది,
నడుస్తుంటే పొట్ట నేలని తుడిచేది.

పింఛను రాగానే ముందు దాని గుండెమాత్రల డబ్బు
పంచదార డబ్బాలో పడేది.
తర్వాత కరెంటు.
ఆ తర్వాత తన పళ్లు.
అక్కడిదాకా వచ్చేసరికి నెల అయిపోయేది.
కింది దవడకి ఆయనకి మిగిలినవి మూడే.
ఎర్నా పళ్లు మాత్రం మత్తిచ్చి గీకించారు,
మూడొందల పది యూరోలు, రసీదు నేనే ఇచ్చాను.

తొమ్మిదేళ్లు దాటిన కుక్కని బీమావాళ్లు వద్దన్నారు.
"ఆ డబ్బుకి ఇలాంటివి నాలుగొస్తాయి కదరా,"
అందట అక్క ఇర్మ్‌గార్డ్.
"మనిద్దరం ఎంతకొస్తామో కనుక్కో," అన్నారట ఈయన.

మా దగ్గర కుక్కకి పన్నుంది, పిల్లికి లేదు.
ఎందుకో అడిగితే ఎవరూ తిన్నగా చెప్పరు.
ఏటా ఫిబ్రవరిలో నగరపాలిక నుంచి కవరు,
మెడలో బిళ్ల, బిళ్లమీద అంకె.
"మా ఇద్దర్లో పన్ను కట్టే మనిషి ఇదొక్కతే,"
అని దాని చెవులు నిమిరేవారు.

నవంబరు చివర్లో ఒక రాత్రి
దాన్ని కోటులో చుట్టుకుని వచ్చారు.
ఊపిరితిత్తుల నిండా నీరు.
రాత్రిపూట రుసుము రెట్టింపు,
ఆ మాట చెప్పాల్సింది నేనే. చెప్పాను.
ఆయన పెదాలు కదల్లేదు.
"చెయ్యండి," అన్నారు.
తెల్లారేముందు ఇంకో సూది.
దానికీ ఒక ధర ఉంటుంది,
ఆ వరుస టైపు చేస్తూ నేను
అంకెల్నే చూశాను.

మొత్తం ఆరువందల పన్నెండు. నెలకి ఇరవై చొప్పున.

ప్రతి ఒకటో తారీఖునా వచ్చేవారు.
తలుపు తోసి
అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపు పట్టుకునేవారు,
పొట్టికాళ్లు గడప దాటేంతసేపు.

"నగరపాలికకి రాశారా? పన్ను ఆపేస్తారు."
"రాస్తాను."
మరుసటి ఫిబ్రవరిలోనూ అడిగాను.
"రాస్తాను," అన్నారు,
తాళంచెవుల గుత్తిలో బిళ్ల గలగలమంది.

మొన్న జూన్‌లో ఆఖరి వాయిదా.
ఉన్నది పన్నెండే, ఇరవై ఇచ్చారు.
ఎనిమిది వెనక్కిచ్చి,
"నూరు బీరు సీసాలు," అన్నాను, నవ్విద్దామని.
నవ్వలేదు.
"ఇంకేం బాకీ లేదా? సరిగ్గా చూడండి."
చూశాను. సున్నా.
ఇంకోసారి చూడమన్నారు.
తీరిపోయిందండీ అనాలి,
ఆ మాటకి నోరు రాలేదు,
ఊరికే స్క్రీన్ ఆయనవైపు తిప్పాను.

చాలాసేపు చూశారు, కళ్లజోడు లేకుండా.
"పోన్లే," అన్నారు, నాతో కాదు,
"ఫిబ్రవరిలో ఒకటుంది."
తలుపు తీసి
కాసేపు పట్టుకుని
వెళ్లిపోయారు.